గాలివాన వాటా

ఆశ్వయుజం వచ్చిందంటే చాలు, మా కృష్ణా జిల్లా ఇళ్ళల్లో గోడ మీది క్యాలెండరుకి గిరాకీ పెరుగుతుంది. పిల్లలు ఎర్ర అంకెలు లెక్కపెడుతూ ఉంటారు. ఏ పండగ ఆదివారం నాడు పడి దండగైపోయిందో చూసి ఉసూరుమంటారు. ఇంటి ఇల్లాలు మాత్రం ఆ ఎర్ర అంకెల మధ్యనున్న నల్ల అంకెలు లెక్కపెడుతుంది. దసరాకి వచ్చిన ఆడపడుచులు ఎప్పుడు వెళతారు, వాళ్ళు వెళ్ళాక దీపావళికి అల్లుడు వచ్చేలోపల ఇల్లు దులపడానికి ఎన్నాళ్ళు మిగులుతుంది, తను పుట్టింటికి పోయి రావడానికి ఈ ఏడాదైనా సందు దొరుకుతుందా? సెలవులన్న మాట ఇంటిల్లిపాదికీ వర్తిస్తుంది, ఆవిడకి తప్ప. ఏమంటారు?

చరిత్ర పుస్తకాల్లో రాజులు దండయాత్రకి ఎలా ఏర్పాట్లు చేసుకున్నారో రాసి ఉంటుంది. చంటిపిల్లనీ, ట్రంకు పెట్టెనీ, ఊరగాయ జాడీనీ వెంటేసుకుని పుట్టింటికి బయల్దేరిన కోడలు ఏ ఏర్పాట్లు చేసుకుందో ఎవరూ రాయరు. నన్నడిగితే రెండోదే కష్టం. దండయాత్రలో మధ్యలో పాలు కాచక్కర్లేదు కదా! అందుకే మా డెల్టాలో చలికాలపు సెలవుల ప్రయాణాలు ఎలా సాగేవో నాకు చేతనైనంత వెతికి చూశాను.

ముందు ఆ సెలవులేమిటో చూడండి. దసరా, దీపావళి, నాగులచవితి, కార్తీక సోమవారాలు, వనభోజనాలు, కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో సముద్రస్నానం, హంసలదీవిలో కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట స్నానం, క్రిస్మస్, ముక్కోటి ఏకాదశి, ఆపైన సంక్రాంతి. 1929లో భక్త నరసింహంగారు బందరు పక్కన చిలకలపూడిలో పాండురంగడి గుడి కట్టించాక కార్తీకంలో ఆ ఉత్సవాలు కూడా చేరాయి. మొత్తం మీద ఆశ్వయుజం నుంచి పుష్యం దాకా పండగలు ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని వస్తాయి.

అయితే ఈ సెలవులు అందరికీ ఒక్కలా రావు. ఉద్యోగస్తుల ఇళ్ళకి దసరా సెలవులు, క్రిస్మస్ సెలవులు. రైతుల ఇళ్ళకి అప్పుడెక్కడి తీరిక? శ్రావణానికి ఊడ్పులు ముగిస్తే కార్తీక మార్గశిరాల్లో కోతలు, ఆపైన కుప్పలు, నూర్పిళ్ళు. ధాన్యం ఇంటికొచ్చి, చేతిలో నాలుగు డబ్బులాడేది సంక్రాంతికే. బందరులో గుమస్తాగారి అమ్మాయిని దివిసీమలో రైతింటికి ఇచ్చారనుకోండి. పుట్టింట్లో సెలవులుంటే అత్తింట్లో కోతలు, అత్తింట్లో తీరికుంటే పుట్టింట్లో ఆఫీసులు. ఈ రెండు క్యాలెండర్లనీ ముడిపెట్టి ఆ అమ్మాయి మూడు నెలల ముందే కార్డు ముక్క రాసేది. ప్లానింగ్ అంటే ఇవాళ పెద్ద పెద్ద చదువులు చెబుతున్నారు గాని, మన అమ్మమ్మలు అర్ధణా కార్డు మీద కానిచ్చేవారు.

ఇక ప్రయాణాలు. బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాంతో వచ్చిన కాలవలు పొలాలకి నీళ్ళివ్వడమే కాక, మనుషుల్ని మోసే రోడ్లు కూడా అయ్యాయి. బెజవాడ నుంచి బందరుకి బందరు కాలవలో పడవలు నడిచేవి. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగడం. వేసవిలో మరమ్మతులకని కాలవలు కట్టేసేవారు. కాబట్టి కాలవ నిండుగా ఉండి, ఎండ కూడా చంపకుండా, పిల్లాజెల్లాతో హాయిగా పోగల రోజులు దసరా నుంచి సంక్రాంతి దాకానే. పడవ ఎప్పుడు చేరుతుందో పడవవాడికే తెలియదు గనక, ఒక పూట ప్రయాణానికి మూడు పూటల తిండి కట్టేవారు. పులిహోర మొదటి పూటకి, దిబ్బరొట్టె రెండో పూటకి, ఆ తర్వాత జంతికలూ సున్నుండలూ.

1908లో బెజవాడ నుంచి గుడివాడ మీదుగా బందరుకి రైలు వచ్చింది. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి లైను పడడంతో గుడివాడ జంక్షనైంది. గోదావరి వైపు వియ్యాలందుకున్న మా జిల్లా ఆడపిల్లలకి అదొక వరం. 1960లలో ఆ చిన్న పట్టాలు పోయి పెద్ద పట్టాలొచ్చాయి. దివిసీమ మాత్రం కృష్ణ రెండు పాయల మధ్య, సముద్రం అంచున ఉన్న లంక. రైలు ఇప్పటికీ అక్కడికి పోలేదు. పులిగడ్డ దగ్గర పెనుమూడి వైపు వంతెన పడేదాకా రేపల్లె వైపు చుట్టరికాలన్నీ పడవ మీదే నడిచాయి. ఏటి ఒడ్డున నిలబడి పడవ కోసం చూసే ఆడవాళ్ళ కళ్ళు ముందు పడవని కాదు, ఆకాశాన్ని చూసేవి.

ఎందుకంటే మన పండగల నెలలూ, బంగాళాఖాతంలో గాలివానల నెలలూ ఒకటే. తుఫాన్లకి ఏడాదిలో రెండు అదనులున్నాయి. ఒకటి వేసవి చివర, మే నెలలో. రెండోది, మరీ ప్రమాదమైనది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఓడల వర్తకులకి ఈ సంగతి పూర్వమే తెలుసు. డచ్చివాళ్ళు, 1611లో వచ్చిన ఇంగ్లీషువాళ్ళు బందరు రేవులో వ్యాపారం చేసిన రోజుల్లో అక్టోబరు నడిమికల్లా ఓడల్ని ఈ తీరం నుంచి తప్పించెయ్యాలని చూసేవారు. మళ్ళీ జనవరి వస్తేగాని ధైర్యం చేసేవారు కారు. ఓడలకంటే ఆ వెసులుబాటు ఉంది. మనకి దసరా దీపావళుల్ని జనవరికి జరుపుకునే వీలు లేదు కదా!

ఇప్పుడు మీకొక తేదీ చెబుతాను. 1864 నవంబరు 1, మంగళవారం. ఆ రాత్రి గాలివానతో పాటు సముద్రం లేచి బందరు మీద పడింది. ఊరు ఊరంతా నీళ్ళలో మునిగింది. బందరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ కలిపి ముప్ఫై వేల మంది పోయారని రికార్డులు చెబుతున్నాయి. బందరు కోటలో ఉన్న సైన్యాన్ని మరుసటి ఏడాది ఎత్తేశారు. ఒకప్పుడు ఖండఖండాల ఓడలు చూసిన రేవు ఆ దెబ్బతో మరి తేరుకోలేదు. ఇంతవరకూ చరిత్ర పుస్తకాల్లో ఉన్నదే.

నేను పంచాంగం లెక్క కట్టి చూశాను. ఆ రోజు కార్తీక శుద్ధ విదియ. దీపావళి వెళ్ళి అప్పటికి రెండు రోజులు. విదియ అంటే మీకు తెలియంది కాదు, భగినీ హస్తభోజనం. యముడంతటివాడు చెల్లెలు యమున ఇంటికి వచ్చి ఆమె చేతి అన్నం తిని, ఈ రోజు చెల్లెలింట భోంచేసినవాడికి నా భయం లేదని వరమిచ్చాడంటారు. అలాంటి పండగ నాటి రాత్రి! పోయినవాళ్ళ పట్టికలో 'అక్కచెల్లెళ్ళ ఇళ్ళకి భోజనానికి వచ్చినవాళ్ళు' అనే గడి ఏ దొరా గీసి ఉండడు. కాని పండగ రోజు ఇళ్ళు మనుషులతో ఎలా నిండి ఉంటాయో మనకి తెలుసు. ఇంటివాళ్ళకైతే ఏ గట్టు ఎత్తో, ఏ వీధి పల్లమో తెలుస్తుంది. చుట్టపుచూపుగా వచ్చినవాడికి చీకట్లో ఏం తెలుస్తుంది?

తర్వాత 113 ఏళ్ళు గడిచాయి. అమ్మమ్మల అమ్మమ్మలు చెప్పిన మాట పాతకథై, ఆపైన సామెతై, చివరికి ఎవరికీ పట్టని విషయమైపోయింది. మనిషి బతుకు అరవై డెబ్బై ఏళ్ళు. సముద్రం జ్ఞాపకం అంతకంటే పొడుగు. చిక్కంతా అక్కడే ఉంది.

1977 నవంబరు 12న ఒక తుఫాను నాగపట్నం దగ్గర తీరం దాటి తమిళనాడును ముంచింది. వారం తిరగకుండా ఇంకొకటి వస్తోందని రేడియో చెప్పింది. గాలివానలు మాకు కొత్తా అనుకున్నారు మనవాళ్ళు. గాలి అంటే తెలుసు, వాన అంటే తెలుసు. సముద్రం ఇంట్లోకి వస్తుందన్నది ఎవరి ఊహలోనూ లేదు. నవంబరు 19, శనివారం. మళ్ళీ కార్తీక శుద్ధమే, దీపావళి వెళ్ళి వారం దాటింది. వరి కోతకి వచ్చి బంగారంలా ఉంది. తుఫాను దివిసీమకి నైరుతిగా తీరం దాటింది. మన తీరంలో తుఫానుకి కుడిచేతి వైపున్న ఊళ్ళ మీదికి గాలి సముద్రాన్ని నెట్టుకొస్తుంది. దివి సరిగ్గా ఆ వైపున పడింది. పైగా అక్కడి సముద్రం లోతు తక్కువ, నేల చేటలా చదును. వచ్చిన నీటిని ఆపేదేమీ లేదు. సొర్లగొంది, నాలి, పాలకాయతిప్ప, హంసలదీవి... పేర్లు తలుచుకుంటేనే గుండె కలుక్కుమంటుంది. సర్కారు లెక్కల్లోనే పోయినవాళ్ళు దాదాపు పదివేలు. అవనిగడ్డ వారైన మండలి వెంకటకృష్ణారావుగారు మొదలుకొని ఎందరో పూనుకుని ఆ ఊళ్ళని మళ్ళీ నిలబెట్టారు.

మా మేనత్తది కోడూరు దగ్గరి పల్లె. ఆ సాయంత్రం ఊళ్ళో ఉన్న ఒక్క మేడ మీదికి ఎక్కి బతికినవాళ్ళలో ఆవిడ ఒకతె. ఎదురింటివాళ్ళని కూడా రమ్మని కేకేసిందట. వాళ్ళింట్లో ఆ రోజు చుట్టాలున్నారు. కార్తీకమని వచ్చిన పదిహేను మంది. పొయ్యి మీద అంతమందికీ వంట ఉంది. "వచ్చినవాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చోబోతుంటే ఇల్లు వదిలి ఎలా వస్తాం వదినా, భోజనాలు కానీ" అందట ఆ ఇల్లాలు. ఆ మాట చెప్పి మా అత్తయ్య ఆగిపోయేది. మేమూ ఇంకేం అడిగేవాళ్ళం కాదు.

అప్పటినుంచి మా అత్తయ్య ఇంట్లో పండగ ప్రయాణాలకి ఒక పద్ధతి ఏర్పడింది. దానికి ఆవిడ పెట్టిన పేరు 'గాలివాన వాటా'. కళ్ళంలో ధాన్యం ఇంటికి కొలవకముందే చాకలి వాటా, మంగలి వాటా, కమ్మరి వాటా తీసి పక్కన పెడతారు చూడండి, అలాగే సెలవుల్లోంచి ముందే ఒక రోజు తీసి గాలివానకి ఇచ్చెయ్యాలి. అయిదు రోజుల సెలవులుంటే నాలుగు రోజులకే ప్రయాణం వేసుకోవాలి. గాలివాన రాకపోతే ఆ అయిదో రోజు మనదే, కాళ్ళు చాపుకు పడుకోవచ్చు. వస్తే దాని వాటా అది పట్టుకుపోతుంది, మనకి పోయిందేమీ లేదు.

రెండోది, వస్తామని మాటిచ్చినవాళ్ళు బయల్దేరే పొద్దున దాకా రాలేమని చెప్పొచ్చు. ఎదుటివాళ్ళు ముఖం ముడుచుకోకూడదు. "అంత చేసి పెట్టుకుంటే రాలేదేం" అని పదేళ్ళ తర్వాత పెళ్ళిలో దెప్పకూడదు. ఇది చాలా కష్టమైన నియమం అని మీకు వేరే చెప్పక్కర్లేదు. మన ఆడవాళ్ళలో సగంమంది గాలికీ వానకీ జడవరు గాని, ఆ దెప్పుడికి జడిసే బయల్దేరతారు.

మూడోది, నెలలు నిండిన పిల్లనీ, పాలు తాగే పసివాణ్ణీ, నడవలేని పెద్దవాళ్ళనీ కార్తీకంలో సముద్రపు అంచు ఊళ్ళకి పిలవకూడదు. వాళ్ళ ముచ్చట సంక్రాంతికి. జనవరిలో ఈ తీరానికి తుఫాను రావడం అరుదు గనక.

నాలుగోది, చుట్టాలు వచ్చిన పూటే, కాళ్ళకి నీళ్ళిచ్చి మంచినీళ్ళ బిందె ఎక్కడుందో చూపించినట్టే, గట్టి మేడ ఎక్కడుందో కూడా చూపించాలి. అశుభం అనుకోకూడదు. పొలం కాగితాలూ, బ్యాంకు పుస్తకాలూ ఒక సంచిలో, తడవని కవరులో చిలక్కొయ్యకి వేలాడాలి. ఎవరు ముందు లేస్తే వాళ్ళు అందుకోవాలి.

అయిదోదీ, ఆఖరుదీ వినండి. గట్టి హెచ్చరిక వచ్చిన పూట పొయ్యి ఆర్పెయ్యాలి. వంట మధ్యలో ఉన్నా సరే. "అన్నం మళ్ళీ వండుకోవచ్చు" అనేది మా అత్తయ్య. ఎదురింటి ఇల్లాలికి ఆ రోజు చెప్పలేకపోయిన మాట జీవితాంతం మా అందరికీ చెబుతూ ఉండేది.

ముందుచూపు వల్ల ఏం ఒరుగుతుందని ఎవరైనా అంటే 1990 సంగతి చెప్పండి. ఆ ఏడు మే 9న, 1977 నాటిదానికి తీసిపోని తుఫాను మళ్ళీ మన కృష్ణ మొగ వైపే వచ్చింది. ఈలోగా బందరులో తుఫాన్లని కనిపెట్టే రాడార్ పెట్టారు, తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు. ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందుగానే ఊళ్ళు ఖాళీ చేయించారు. అయినా వెయ్యికి కాస్త తక్కువగా ప్రాణాలు పోయాయి. అది చిన్న లెక్కేం కాదు. కాని పదివేలెక్కడ, వెయ్యెక్కడ? సముద్రం మారలేదు, గాలి మారలేదు. మనుషులు ముందు రోజే లేచి నడిచారు, అంతే.

రేడియోలో, టీవీలో "మచిలీపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు" అని వింటాం. అదేమిటో తెలుసుకుని ఉంటే ప్రయాణాలకి పనికొస్తుంది. అవి మొత్తం పదకొండు. ఒకటీ రెండూ అంటే ఎక్కడో దూరాన సముద్రంలో గాలి పుట్టింది. మూడూ నాలుగూ అంటే మన రేవుకే చెడ్డ వాతావరణం రావచ్చు. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా పెను ప్రమాదం. తుఫాను రేవుకి కుడిగా పోతుందా, ఎడమగా పోతుందా, నెత్తి మీదుగానే పోతుందా అన్నదాన్ని బట్టి వాటిలో అంకె మారుతుంది. ఇక పదకొండు అంటే వాతావరణ కార్యాలయంతో సంబంధాలే తెగిపోయాయని. నా మటుకు నేను మూడో నంబరు వింటే పెట్టె సర్దడం ఆపేస్తాను. అయిదో నంబరు వింటే సర్దిన పెట్టె విప్పేస్తాను.

ఇవాళ కార్డు ముక్కలు లేవు, పడవలు లేవు. తుఫాను పేరుతో సహా నాలుగైదు రోజుల ముందే ఫోనులో తెలుస్తోంది. రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తున్నారు. దసరాకీ సంక్రాంతికీ తెరిచిన పూటే టిక్కెట్టు తీసుకోకపోతే ఇక ఆశ లేదు. తీసుకోండి. కాని తీసుకున్న టిక్కెట్టు మనల్ని కట్టిపడెయ్యకూడదు. డబ్బు కట్టేశాం గనక వెళ్ళి తీరాలి అనే పట్టుదల, విస్తరి వేసేశాం గనక తిని తీరాలి అనే పట్టుదల లాంటిదే. రైలువాళ్ళే బండి రద్దు చేస్తే డబ్బు మొత్తం తిరిగొస్తుంది. మనమే మానుకుంటే కొంత పోతుంది. ఆ పోయే కొంతని గాలివాన వాటా అనుకోండి, దుఃఖం ఉండదు.

ఇంటి పని సంగతి కూడా ఇందులోనే ఉంది. పండగ పూట మనకి తలనొప్పి వచ్చేది పని ఎక్కువై కాదు, అనుకున్నది అనుకున్నట్టు జరగాలనే పంతం వల్ల. అయిదు పిండివంటలు అనుకున్నచోట నాలుగు చెయ్యండి. నిలవ ఉండేవి పది రోజుల ముందే డబ్బాలకెత్తండి. ఒక పూట వంట మగవాళ్ళకీ పిల్లలకీ అప్పజెప్పండి, ఉప్పెక్కువైతే మజ్జిగ ఉంది. ఒక రోజు ఖాళీగా వదిలెయ్యండి. గాలివాన రాని ఏడు ఆ రోజు మీకే సెలవు. ఇంటిల్లిపాదికీ ఉన్న సెలవుల్లో మీ వాటా కూడా ఒకటి ఉండాలి కదా!

ఇక ఏటా కార్తీక శుద్ధ విదియ వస్తుంది. బందరులోనో, గుడివాడలోనో, నాగాయలంకలోనో ఒక చెల్లెలు అన్నకి ఇష్టమైన కూర ఏమిటా అని ముందురోజే కూరల బుట్ట ముందేసుకు కూర్చుంటుంది. ఆ రోజు వాయుగుండమని వార్త వస్తే ఆమె చెయ్యవలసిన పని ఒకటే. ఫోను తీసి, "ఇవాళ రావద్దురా అన్నయ్యా, గాలి తగ్గాక రా. నా చేతి అన్నం ఎక్కడికీ పోదు" అని చెప్పడం. విదియ దాటి తదియ నాడు పెట్టిన అన్నానికి పుణ్యం తగ్గుతుందని ఏ శాస్త్రిగారైనా అంటే, యముడు ఏమీ అనుకోడని నా పేరు చెప్పండి.